కొండకు గుండు

ఒక మనిషి తీర్చవలసిన మొక్కును ఊరంతా కలిసి తీర్చేస్తే అది తీరినట్టా, తీరనట్టా? దొరస్వామికి ఇరవై రెండేళ్ళుగా ఇదే అనుమానం. పగలు మామిడిచెట్లకు పాదులు తీస్తూ ఆలోచిస్తే తీరినట్టే అనిపించేది. సాయంత్రం దీపం పెట్టి పటం ముందు నిలబడితే తీరలేదేమో అనిపించేది. పటంలోని ఏడుకొండలవాడు అవుననీ అనడు, కాదనీ అనడు. ఎవరినైనా అడుగుదామంటే దొరస్వామి నోరు కట్టేసి ఉంది.

ఆ నోరు కట్టింది వాళ్ళ నాయన. పోయే ముందురోజు ఆయన కొడుకును మంచం దగ్గరికి పిలిచి చెప్పాడు.

"అబ్బోడా, నీకు మూడేండ్లప్పుడు జొరమొచ్చి ఒళ్ళు పెనం మాదిరి కాలిపోయింది. అప్పుడు మీయమ్మ తిరప్తి సామికి మొక్కుకునింది, కొండకు గుండు కొట్టిస్తానని. మళ్ళేడుకే ఆమె పాయ. నేనా మరిసిపోతి. నువ్వు తీర్సు. ఎవురికీ సెప్పగాకు. మొక్కు బయటపడితే పలం పోతాది."

కొండకు గుండు అంటే ఏమిటని ఎర్రవంకపల్లెలో ఎవరూ అడగరు. బంగారుపాళ్యం నుంచి పదకొండు కిలోమీటర్లు లోపలికి పోతే వచ్చే ఊరు అది. ఊరి వెనక ఒకే ఒక కొండ. ఒకటే ఉన్నప్పుడు పేరెందుకని దానికి ఎవరూ పేరు పెట్టలేదు. ప్రతి ఏడాదీ ఫాల్గుణంలో గడ్డి ఎండగానే ఊరివాళ్ళు దానికి నిప్పు పెట్టేవారు. కాలిస్తే పశువులకు లేతచిగురు వస్తుందని కాపరులు అనేవారు. కొండ తన జుట్టు సామికి ఇస్తే సామి వానలు ఇస్తాడని పెద్దలు అనేవారు. అందుకే దాన్ని కాల్చడం అనకూడదు, 'కొండకు గుండు కొట్టడం' అనాలి. మంచిరోజు చూసి, టెంకాయ కొట్టి, గోవిందలు పలికి అంటించేవారు. రెండు రోజులు కాలి, మూడోరోజు పొద్దున్నకు కొండ తిరుమల నుంచి దిగివచ్చిన భక్తుడిలా నున్నగా నిలబడేది. చందనం పూయడమే తక్కువ.

వాన కూడా వచ్చేది, రాకేం. ఆ నున్నటి గుండు మీద పడి, జర్రున జారి, వంకలో ఎర్రనీళ్ళయి, ఒక్కపూటలో పక్క ఊరి చెరువుకు పోయేది.

నాయన పోయిన ఏడాది దొరస్వామి మొక్కు తీర్చడానికి సిద్ధమయ్యాడు. అగ్గిపెట్టె కొన్నాడు. కానీ సూతకం పోయేసరికి ఊరివాళ్ళు ఆ పని ముగించేశారు. ఒక తలకు వెంటవెంటనే రెండు గుండ్లు కొట్టరు కదా. మరుసటి ఏడాది ముందే పోదామనుకుంటే కాపరులు అంతకు ముందే అంటించారు. మూడో ఏడాది ఆయనకు చికున్‌గున్యా. ఇట్లా అయిదారేళ్ళు గడిచాక ఆయన తనకు తానే సర్దిచెప్పుకున్నాడు. ఊరు కాల్చింది. ఊళ్ళో నేనూ ఉన్నాను. కొట్టిన టెంకాయల్లో నాదీ ఒకటి. చాలదా? చాలుతుందో లేదో చెప్పేవాళ్ళు లేరు. అదీ అనుమానం.

ఆ అనుమానం అట్లాగే ముసలిదై పోయేదేమో. ఇంతలో కొండకు జుట్టు పెరిగింది.

రెండేళ్ళ కిందట అటవీశాఖ వాళ్ళు వచ్చి ఊళ్ళో వన సంరక్షణ సమితి పెట్టించారు. వరసగా మూడు ఎండాకాలాలు కొండ మీద అగ్గి కనబడకుండా, లేతచెట్టు మీద కత్తి పడకుండా చూసుకోవాలి. చూసుకుంటే కొండ మీది సీతాఫలం, ఉసిరి, కుంకుడు, తేనె అన్నీ ఇరవై ఏళ్ళు ఊరివే అని కాగితం రాసిస్తారు. సీతాఫలం గుజ్జు తీసే మిషనొకటి, దానికి షెడ్డొకటి ఊళ్ళోనే కట్టిస్తారు. ఒక్కసారి అగ్గి కనబడినా మళ్ళీ మొదటి నుంచి లెక్క.

సమితికి ఆడమనిషి అధ్యక్షురాలుగా ఉండాలన్నారు. దొరస్వామి భార్య జ్ఞానాంబ ఏడో తరగతి దాకా చదువుకుంది. ఆమెను పెట్టారు. మొదటి మీటింగులో దొరస్వామి మాట్లాడాడు, ఆమె సంతకం పెట్టింది. రెండో మీటింగులో ఇద్దరూ మాట్లాడారు. మూడో మీటింగు నుంచి ఆయన టీ తెస్తున్నాడు.

అందుకు ఆయనకు బాధ లేదు. ఆమె పని చేసేది. ముప్పై ఒక్కమంది ఆడవాళ్ళను వెంటేసుకుని కొండ చుట్టూ మంట దాటకుండా పన్నెండడుగుల వెడల్పున గడ్డి చెక్కించింది. వంకకు అడ్డంగా రాళ్ళు పేర్పించింది. పోయిన కార్తీకంలో సీతాఫలాలు రెండు టెంపోల నిండా హైవే పక్క గుజ్జు ఫ్యాక్టరీకి పోయాయి. వంక మాఘమాసం దాకా పారింది. ఎండిపోయిందని చెత్త వేస్తున్న బావిలో నీళ్ళు ఊరి, ఆ చెత్తే పైకి తేలింది. తెల్లవారకముందే ఆటోల్లో కిక్కిరిసి ఫ్యాక్టరీ కూలికి పోయే ఆడవాళ్ళు ఇప్పుడు మిషను ఎప్పుడొస్తుందా అని వేళ్ళు మడుస్తున్నారు. ఇది మూడో ఎండాకాలం. ఇది దాటితే చాలు.

మంట కాపలాకు ఒక మగమనిషి కావాల్సి వచ్చింది. జ్ఞానాంబ మొగుణ్ణే పెట్టింది. "ఈయన బీడీ తాగడు, సుట్ట తాగడు. జోబీలో అగ్గిపెట్టి ఉండదు. ఇంతకంటే నమ్మకమైనోడు యాడ దొరుకుతాడు?" అని మీటింగులో చెప్పింది. ఆయనకు ఒక విజిలు, ఒక పచ్చ టోపీ ఇచ్చారు. అరవై రెండేళ్ళొచ్చినా ఒత్తుగా ఉన్న జుట్టు మీద టోపీ నిలవక, దాన్ని చేత్తో పట్టుకుని తిరిగేవాడు. పొగ కనబడితే మూడుసార్లు విజిలు ఊదాలి. ఎవరికి నిప్పు మొక్కు ఉందో ఆ మనిషే నిప్పుకు కాపలా. సామి వేళాకోళం చేస్తున్నాడా అని దొరస్వామికి అనిపించింది, కానీ సామిని అట్లా అనుకోకూడదని చెంపలు వేసుకున్నాడు.

ఈ ఏడాది మాఘంలో బోరు మోటారు కాలిపోయింది. మామిడి పూత రాలింది. ఇవి అందరికీ అయ్యేవే. కానీ చిత్తూరులో నర్సు పని చేసే కూతురు రూపశ్రీకి పెళ్ళయిన ఆరేళ్ళకు కడుపు పండింది. ఏడో నెల. రక్తపోటు ఎక్కువగా ఉందని, మంచం దిగవద్దని డాక్టరమ్మ చెప్పింది. ఆ మాట విన్న రోజు దొరస్వామికి అన్నం దిగలేదు. సంతలో సోది చెప్పే ఆమె ముందు కూర్చుంటే ఆమె చెయ్యి పట్టుకుని, "తీరని మొక్కు ఒగటి నీ ఇంటి మీద ఉండాదప్పా," అంది. ఆ మాట తప్పయ్యే ఇల్లు ఈ జిల్లాలో ఒక్కటైనా ఉందా అని ఒక క్షణం తోచింది. అయినా ఆ మాట పట్టుకునే లేచాడు.

ఆయన ఊరు దాటి, పక్క ఊళ్ళో ఉండే దాసరి గోవిందస్వామి ఇంటికి పోయాడు. పెరటాశి నెల శనివారాల్లో ఇంటింటికీ వచ్చి శంఖం ఊది సామికి నైవేద్యంగా తళిగలు వేయించే ఆయనకు మొక్కుల సంగతి తెలియనిది లేదు.

"సామీ, ఒకాయన ఉండాడు. మా ఊరాయన కాదు," అని మొదలుపెట్టాడు దొరస్వామి.

"ఏ ఊరాయన?"

"దూరం. సత్యవేడు పక్క."

"సరే. ఆ సత్యవేడాయనకు ఏమొచ్చె?"

"వాళ్ళమ్మ మొక్కుకోని తీర్సకుండానే పాయ. ఈయన తీర్సాలంటే ఊరికి నష్టం. పెండ్లాం ఊరుకోదు."

"పెండ్లాం పేరు జ్ఞానాంబా?"

దొరస్వామి కాసేపు దూలం వైపు చూశాడు. "ఆమె పేరు నాకు తెలీదు సామీ."

"పోనీలే. ఏం మొక్కు?"

"గుండు."

"ఎవురికి?"

"ఒక పెద్దాయనకు. శానా పెద్దాయన. కదల్లేడు."

"పడకలో ఉండాడా?"

"పడుకోనే ఉండాడు. పుట్టినప్పట్నుంచి."

గోవిందస్వామికి జాలి వేసింది. "పాపం. మొక్కు మార్సాలంటే మొక్కుకున్న నోరే మార్సాల. ఆ నోరు లేదు గాబట్టి మార్సేదానికి లేదు. అయితే ఆడోళ్ళు మూడు కత్తెర్లిస్తే సామి ఒప్పుకుంటాండాడు గదా. లెయ్యలేని మనిషి కాడ ఒప్పుకోడా? సామి పేరు సెప్పి మూడు దిక్కుల మూడు కత్తెర్లు తియ్యమను, సాలు."

"తీసినాక కాల్చొచ్చునా?"

"ఎంటికిలు ఎవురన్నా కాలస్తారా అప్పా? కంపు గొడతాది."

దొరస్వామి ఈ చివరి మాట వినిపించుకోలేదు. కాలకపోతే కొండకు అది గుండెట్లా అవుతుంది?

తిరిగి వస్తూ బంగారుపాళ్యంలో అగ్గిపెట్టె కొన్నాడు. రెండోరోజే చొక్కా ఉతకబోయిన జ్ఞానాంబకు అది దొరికింది.

"ఇదేంది?" అంది.

"అగ్గిపెట్టి."

"అది తెలస్తానే ఉండాది. బీడీ మొదులుపెట్టినావా?"

"అవును," అన్నాడు దొరస్వామి.

"అరవై రెండేండ్లకు? మనవడు పుట్టేటప్పుడా? నిన్ను నమ్మకమైనోడని మీటింగులో సెప్తిని గదయ్యా." అగ్గిపెట్టె తీసుకుపోయి పొయ్యి పక్కన పెట్టింది. ఇక తాగనని పటం ముందు ఒట్టు వేయించింది. ఎన్నడూ తాగని బీడీని మానేసిన దొరస్వామి ఆ వారమంతా ఆమెకు వినపడేలా అప్పుడప్పుడు దగ్గుతూ తిరిగాడు.

శ్రీమంతం ముహూర్తం సోమవారానికి కుదిరింది. మంచం దిగకూడదు కాబట్టి చుట్టాలంతా ఇక్కడ కూడి, చిత్తూరుకు పోయి, కూర్చోబెట్టే గాజులు తొడుగుదామన్నారు. సత్యవేడు నుంచి దొరస్వామి చిన్నమ్మ పోలేరమ్మ మూడు రోజుల ముందే వచ్చింది. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి. చెవులు మందం, నోరు కాదు. చుట్టాలతో ఇల్లు నిండుతుండగా శనివారం పొద్దున్నే దొరస్వామి కొత్త అగ్గిపెట్టె, కొడవలి, ఒక బిందె నీళ్ళు తీసుకుని కొండెక్కాడు. శ్రీమంతం లోపల తీర్చేస్తే బిడ్డకు మంచిదని ఆయన ఆలోచన.

నిప్పు పెట్టడంలో కూడా ఆయన మంచి కాపలాదారే. చుట్టూ గడ్డి లేని బండ ఒకటి వెతికాడు. తువ్వాలుతో దాన్ని ఊడ్చాడు. బిందె పక్కన పెట్టాడు. మూడు దిక్కులా మూడు పిడికిళ్ళ గడ్డి కోసి, తిరుమల వైపు తిరిగి, "సామీ, ఈయన కదల్లేడు, మూడు కత్తెర్లతో సర్దుకో," అని దండం పెట్టి పుల్ల గీశాడు. అది అంటుకోలేదు. రెండోదీ అంతే. జేబు చెమటకు అగ్గిపెట్టె తడిసింది. ఏడో పుల్లకు మంట పుట్టింది కానీ గడ్డికి పట్టలేదు. అంతకు ముందు ఏళ్ళలో ఫాల్గుణం వస్తే చూపు తగిలితే కాలిపోయే గడ్డి, ఇప్పుడు కొసన ఎండి, మొదట్లో పచ్చగా, మంచు పట్టి ఉంది. కాలదు. పొగ మాత్రం బండ మీంచి మెలికలు తిరుగుతూ ఊరికంతా కనబడేలా లేచింది.

ఊళ్ళో బడిగంట మోగింది. అది పొగకు గుర్తు. గంట వినగానే దొరస్వామి చెయ్యి తనంతట తానే మెడ దగ్గరికి పోయింది. ఆయన విజిలు నోట్లో పెట్టుకుని నియమం ప్రకారం మూడుసార్లు గట్టిగా ఊదాడు. ఊదిన తరువాత గానీ తాను ఎక్కడున్నాడో తెలియలేదు.

పచ్చి కొమ్మలు పట్టుకుని ఇరవైమంది ఆడవాళ్ళు ఎగశ్వాస దిగశ్వాసలతో పైకి వచ్చారు. అందరికంటే ముందు జ్ఞానాంబ. బండ మీద ఒకపక్క బిందె, ఒకపక్క కొడవలి, నడుమ పొగ, పొగ వెనక విజిలుతో మొగుడు.

"యాడయ్యా అగ్గి?" అంది.

దొరస్వామి వేలితో చూపించాడు.

"ఎవురు పెట్టింది?"

ఆయన విజిలు తీసి చొక్కాకు తుడుచుకున్నాడు. "నేనే."

"పెట్టి నువ్వే ఊదినావా?"

"గంట కొడితిరి గదా."

జ్ఞానాంబ బిందె ఎత్తి మూడు పిడికిళ్ళ మీద కుమ్మరించింది. మిగిలిన నీళ్ళు ఆయన మీద.

అదే పొద్దున అటవీశాఖ బీట్ ఆఫీసరు మునిశేఖర్ బండి మీద ఊళ్ళోకి వచ్చి ఉన్నాడు. పది రోజుల్లో చిత్తూరు నుంచి పెద్దాఫీసరు తనిఖీకి వస్తాడు, ఆ కాగితాల పని. అందరూ బడి వరండాలో కూడారు. శ్రీమంతానికి వచ్చిన చుట్టాలు కూడా వచ్చారు. ఊరికే ఉన్న చోట ఇంత సంబడం దొరికితే రారా మరి. పోలేరమ్మను ఒక కుర్చీలో కూర్చోబెట్టారు.

"కాపలాదారే అగ్గి పెట్టినాడని రాయాలంటే నాకు సేతులు రాడంలేదు పెద్దాయనా," అన్నాడు మునిశేఖర్. "ఎందుకు పెట్టినావు?"

దొరస్వామి తల వంచుకున్నాడు. చెప్తే ఫలం పోతుంది. చెప్పకపోతే పెళ్ళాం పోతుంది. తడిసిన చొక్కాతో ఆయన మెల్లగా మొత్తం చెప్పాడు. జ్వరం, అమ్మ మొక్కు, నాయన మాట, ఇరవై రెండేళ్ళు, సోది, రూపశ్రీ రక్తపోటు.

ఇంతవరకూ తిట్టడానికి సిద్ధంగా ఉన్న ఆడవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

రాజశ్రీ అనే పిల్ల సమితి లెక్కలు రాసేది. రోజూ ఆటోలో వేలాడుతూ ఫ్యాక్టరీకి పోయేవాళ్ళలో ఆమె ఒకతె. "అక్కా," అంది జ్ఞానాంబతో, "సామి మొక్కంటే ఆట గాదు. రూపక్క కడుపుతో ఉండాది. మిషను ఇంకో మూడేండ్లకైనా వస్తాది. ఒక మూల కాల్సుకోనీండి."

"మా దేవుడు గుండు అడగడక్కా," అంది సమితిలోనే ఉన్న క్రైస్తవుల పిల్ల నిస్సీ. "మీ సామి సంగతి నాకు తెలీదు. కానీ ఆ మూలే నా సీతాఫలం సెట్లుండేది."

జ్ఞానాంబ కొండవైపు చూసింది. అడుగు నుంచి తలదాకా గడ్డి, గడ్డి మధ్యలో ఆమె మెడ ఎత్తుకు పెరిగిన చెట్లు. ఒక్కొక్కదాన్ని ఆమె వేళ్ళకు తెలుసు. ఆమె పెదవి కొరుక్కుంది.

"ముందే సెప్పింటే ఏం పోయిండేదయ్యా," అంది మొగుడితో, ఈసారి కోపం లేకుండా. "బిడ్డ కంటే నాకు మిషను ఎక్కువా?" చీరకొంగుతో ముక్కు తుడుచుకుని మునిశేఖర్ వైపు తిరిగింది. "సారూ, కాగితంలో రాసుకోండి. మొక్కు తీరస్తాం. మళ్ళా మొదుటి నించీ లెక్క పెట్టుకుంటాం."

"ఏందే, ఎవురికో గుండంటాండారు?" అంది కుర్చీలోంచి పోలేరమ్మ. అందరి పెదవులూ కదులుతున్నాయి గానీ ఆమెకు ఆ ఒక్క మాటే అందింది.

జ్ఞానాంబ ఆమె చెవి దగ్గరికి వంగి గట్టిగా చెప్పింది. "ఈయనకు సిన్నప్పుడు జొరమొస్తే మాయత్త కొండకు గుండు కొట్టిస్తానని మొక్కుకునిందంట. ఈయన పోయి కొండకు అగ్గి పెట్టినాడు."

"దేనికి పెట్టినాడు?"

"కొండకు."

"ఏ కొండకు?"

జ్ఞానాంబ చెయ్యెత్తి చూపించింది. పోలేరమ్మ కొండను చూసింది. తరువాత దొరస్వామిని చూసింది. మళ్ళీ కొండను చూసింది. నోట్లోని ఆకువక్కను దవడకు తోసుకుంది.

"ఒరే అబ్బోడా, జొరమొచ్చింది ఎవురికి? ఆ కొండకా?"

"నాకే సిన్నమ్మా."

"జొరం నీకొస్తే గుండు దానికెందుకు కొడతార్రా?"

నిజమే, ఇరవై రెండేళ్ళలో ఈ ప్రశ్న దొరస్వామికి రాలేదు.

"మీయమ్మ నిన్ను యానాడన్నా దొరసామీ అని పిల్సిందా? కొండా, నా బంగారుకొండా, అనే. నీకు జొరమొచ్చినప్పుడు నేను నా పురిటికి వచ్చి ఆ ఇంట్లోనే ఉంటిని. నిన్ను ఒళ్ళో ఏసుకోని వాకిట్లో కూర్సోని, తిరమల దిక్కు తిరిగి, 'సామీ, నా కొండకు జొరం దిగితే నీ కొండకొచ్చి నా కొండకు గుండు కొట్టిస్తా' అనె. నా సెవులు అప్పుడు బాగుండె." ఆమె గాజులు గలగలమనేలా నవ్వింది. నవ్వు దగ్గయింది, దగ్గు తగ్గాక మళ్ళీ నవ్వయింది. "మీ నాయనకు సెప్పింటాది. ఆయన కొండంటే కొండే అనుకున్న్యాడు. ఆయనకు బయట ఉండేదే గానీ ఇంట్లో ఉండే కొండ యాడ కనబడె."

"ఇన్నాళ్ళూ సెప్పకపోతివే సిన్నమ్మా," అన్నాడు దొరస్వామి.

"నువ్వడిగితివా? గుండు ఎప్పుడో కొట్టించేసింటారనుకుంటి."

వరండాలో నవ్వు మొదలైంది. మొదట నిస్సీ, తరువాత రాజశ్రీ, ఆ తరువాత గుంపంతా. మునిశేఖర్ కాగితం అడ్డం పెట్టుకున్నాడు. అందరి కళ్ళూ మెల్లగా ఒక్కచోటికే చేరాయి. దొరస్వామి జుట్టు. ఎర్రవంకపల్లెలో ఆ వయసుకు అంత జుట్టు ఇంకెవరికీ లేదు. ఇరవైసార్లకు పైగా తిరుమల పోయివచ్చాడు, ఒక్కసారీ తల ఇవ్వలేదు. ఎవరైనా అడిగితే, 'మొక్కు లేంది గుండు ఎందుకప్పా' అని దువ్వెన తీసేవాడు.

దొరస్వామి మాత్రం నవ్వలేదు. ఆయన వేరే మాట దగ్గర ఆగిపోయాడు. అమ్మ ముఖం ఆయనకు గుర్తు లేదు. ఫోటో లేదు. నాయన 'అబ్బోడా' అన్నాడు, ఊరు 'దొరసామీ' అంది. బంగారుకొండ అని తనను పిలిచిన మనిషి ఒకరు ఉండేవారని అరవై రెండేళ్ళకు తెలిసింది. కళ్ళు తుడుచుకున్నాడు. బిందె నీళ్ళు అని చూసినవాళ్ళు అనుకున్నారు.

మునిశేఖర్ కాగితం చూసి గొంతు సవరించుకున్నాడు. "ఈడ 'అగ్గి కనబడినదా' అని ఒక గడి ఉండాది. పొగకు గడి లేదు. అగ్గి ఎవురన్నా సూసినారా?"

"లేదు సారూ," అన్నారు ఇరవైమంది ఒక్క గొంతుతో.

"పెద్దాయనా, నువ్వు?"

"ఏడు పుల్లలు గీసినా సారూ. గడ్డికి అంటుకునిందే లేదు."

మునిశేఖర్ 'లేదు' అని రాసి, కింద సంతకం పెట్టించుకుని, విజిలు మాత్రం దొరస్వామి మెడలోంచి తీసి నిస్సీకి ఇచ్చాడు.

ఇంటికి పోతూ దొరస్వామి మనసులో ఉన్నది బయటపెట్టాడు. "ఏమ్మే, ఈ పొద్దు కొండంతా అంటుకోని కాలిపోయింటే, మొక్కు తీరిందని సామి ఒప్పుకోనుంటాడా?"

"ఒప్పుకోడనే గదా సామి అగ్గిపెట్టి తడిపింది," అంది జ్ఞానాంబ.

అది జేబు చెమట అని ఆయనకు తెలుసు. అయినా ఆ చెమట పోయించింది ఎవరు అని అనుకుంటే అనుకోవచ్చు. దీన్ని ఇంకో ఇరవై రెండేళ్ళు మోసే ఓపిక లేక అక్కడికి వదిలేశాడు.

"శ్రీమంతం లోపల పోయి కొట్టించుకో," అంది ఆమె. "సోమారం ఇంటినిండా సుట్టాలు. గుండుతో బాగుండవు గానీ ఏం సేస్తాం. నిన్ను ఇరవైమంది సూసేదానికి మళ్ళా కొండెక్కే పని లేదు, ఇంట్లోనే సూస్తారు."

ఆ సాయంత్రమే చిత్తూరుకు బస్సు, అక్కడి నుంచి తిరుపతికి బస్సు. అలిపిరి దగ్గర మెట్లు మొక్కి, తెల్లవారకముందు ఎక్కడం మొదలుపెట్టి, ఆదివారం పొద్దెక్కేసరికి పైకి చేరాడు. ఫోన్లో రూపశ్రీ, "నాయనా, మెల్లగా ఎక్కు. నీకు కూడా బీపీ సూపించుకో," అంది. ఆమెకు అప్పటికే ఊరు ఊరంతా ఫోన్ చేసి చెప్పేసింది. ఆమె నవ్వు ఆపుకుంటున్నదని ఆయనకు తెలిసింది. ఆ నవ్వు విన్నాక మోకాళ్ళ నొప్పి కాస్త తగ్గినట్టనిపించింది.

కల్యాణకట్టలో వరస పొడుగ్గా ఉంది. ముందు ఒక చంటిబిడ్డ ఏడుస్తోంది, వెనక ఒక కాలేజీ కుర్రాడు ఫోను చూసుకుంటున్నాడు. వంతు వచ్చాక దొరస్వామి కింద కూర్చుని తల వంచాడు. మంగలి చల్లటి నీళ్ళు పోసి జుట్టు తడిపాడు. వేళ్ళు లోపలికి పోనిచ్చి ఒక్క క్షణం ఆగాడు.

"ఇంత జుట్టు ఈ వయసులో ఎవురూ ఇయ్యరప్పా. ఎవురి మొక్కు?"

"మాయమ్మది."

"పెద్దామె వచ్చిందా?"

"లేదు. శానా ముందే పాయ."

"ఎప్పటి మొక్కు?"

"నాకు మూడేండ్లప్పటిది. ఇప్పుడు అరవై రెండు."

మంగలి మనసులో లెక్క వేసుకున్నాడు కాబోలు. కత్తికి కొత్త బ్లేడు వేసి, తల పట్టుకుని, నడినెత్తి నుంచి ముందుకు ఒక్క లాగు లాగాడు. తడి జుట్టు దొరస్వామి ఒళ్ళో పడింది. ఆయన దాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని, అందరూ వేసే కుప్పలో వేశాడు. తెల్లవీ నల్లవీ మిగతా వాళ్ళ వెంట్రుకల్లో కలిసిపోయాయి. కాసేపటికి తల చుట్టూ గాలి తెలిసింది.

"అయిపాయ," అన్నాడు మంగలి. "గోవిందా అను."

"గోవిందా," అన్నాడు దొరస్వామి, లేచి వెనకవాడికి చోటిచ్చాడు.